ఎడమ బూటు వాంగ్మూలం

నేను ఒక ఎడమకాలి బూటును. నల్ల తోలు, చీలమండ దాటి పైకి వచ్చే ఎత్తు, రెండు పక్కలా గట్టి బద్దలు, మూడు పట్టీలు. చూడ్డానికి పోలీసు బూటులా ఉంటాను గానీ, పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క దొంగ వెంటా పరుగెత్తలేదు. పైపెచ్చు నన్నే దొంగ అన్నారు. పట్టపగలు, నలుగురూ వింటుండగా అన్నారు. అన్నది ఇంకెవరో కాదు. ఎవరి కాలును మొయ్యడానికి నన్ను కుట్టారో ఆవిడే.

నా మీద అభియోగం ఇది: ఐదు వారాల పాటు ఒక ఆడమనిషి ఎడమకాలిని చిత్రహింస పెట్టడం. పెట్టాను. కాదనను. చిటికెనవేలు కమిలిపోయింది, చీలమండ ఎముక మీద చర్మం లేచిపోయింది. అన్నీ నా పనే. కానీ ఎందుకు పెట్టావని నన్ను ఒక్కరూ అడగలేదు. ముద్దాయి మాట వినకుండానే తీర్పు చెప్పేశారు.

అందుకే ఇప్పుడు నేనే చెబుతున్నాను.

నేను పుట్టింది కాకినాడ జగన్నాథపురంలో, వంతెన దిగాక రెండో సందులో. కుట్టినవాడు జెకర్యా. ఆయనకు డెబ్బై దాటాయి. ముప్పై ఏళ్లు ఒక ఆసుపత్రి వర్క్‌షాపులో వంకర కాళ్లకీ అరిగిన కీళ్లకీ బూట్లూ కట్లూ చేసి, రిటైరయ్యాక ఇంటి ముందుగదినే కొట్టు చేసుకున్నాడు. కాలు కొలవడంలో ఆయనకో పద్ధతి ఉంది. నేల మీద తెల్ల కాగితం పరుస్తాడు. మనిషి దాని మీద బరువంతా వేసి నిలబడాలి. పెన్సిలు నిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీస్తాడు. బరువు పడ్డప్పుడే పాదం పూర్తిగా పరుచుకుంటుంది. నడిచేది ఆ పాదమే గనక బూటు కుట్టాల్సిందీ దానికే. ఒక్కో కాలికి ఒక్కో కాగితం.

మా కాగితాలు రెండూ ఆయన పీట ఎదురుగా గోడకు మేకుకొట్టి ఉండేవి. ఒకటి నాది, ఒకటి నా జోడీది. కుడివాడి కాగితం మీద గీత పక్కన ఒక చిన్న కుంకుమ మరక ఉండేది. నా కాగితం తెల్లగా, శుభ్రంగా ఉండేది. ఆ కుంకుమ చుక్క చూసి నాకు అసూయగా ఉండేది. వాడికేదో బొట్టు పెట్టి మరీ పంపారనుకునేవాణ్ణి. ఆ చుక్కను గుర్తుపెట్టుకోండి. ఈ కేసు మొత్తం దాని మీదే తిరుగుతుంది.

నన్ను కుట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. కొయ్య అచ్చును అరగదీసి, కాగితం మీద గీతకు సరిగ్గా తెచ్చి, దాని మీద తోలు లాగి బిగించాడు జెకర్యా. నా అడుగు మామూలు బూటులా చదునుగా ఉండదు. పడవ అడుగులా వంపు తిరిగి, ముందు మొన పైకి లేచి ఉంటుంది. అరిగిన చీలమండ వంగలేదు. అది వంగాల్సిన పని నా అడుగు చేసిపెడుతుంది. మనిషి కాలు ఆనిస్తే చాలు, నేనే ముందుకు దొర్లుతాను. ఇంత తెలివి పెట్టి కుట్టాడు నన్ను. ఆఖరి కుట్టు వేసి, నన్ను నా కాగితం మీద పెట్టి చూసుకుని, "ఈసమెత్తు తేడా లేదు" అని తనలో తను అనుకున్నాడు.

ఆ మాట నేను నమ్మాను. నా మొదటి తప్పు అదే.

మా యజమానురాలి పేరు కనకవల్లి. యాభై ఐదేళ్లు. రామచంద్రపురంలో ఒక శాఖా గ్రంథాలయాన్ని చూసుకుంటుంది. పన్నెండేళ్ల కిందట పై అరలోంచి పాత సంపుటం తీస్తూ నిచ్చెన బల్ల మీంచి పడితే ఎడమ చీలమండ విరిగింది. ఎముక అతుక్కుంది గానీ కీలు మిగల్లేదు. మెత్తగా ఉండాల్సిన చోట ఎముకా ఎముకా ఒరుసుకుంటున్నాయి. పొద్దున్నే మొదటి పది అడుగులూ ఆవిడ గోడ పట్టుకునే వేస్తుంది.

అయినా ప్రతి గురువారం గుడ్డసంచీలో ఇరవై పుస్తకాలు వేసుకుని వీధులు తిరుగుతుంది. గ్రంథాలయం దాకా రాలేని ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి, చదివినవి తీసుకుని, కొత్తవి ఇచ్చి వస్తుంది. ఎవరూ చెప్పలేదు, ఆవిడే తొమ్మిదేళ్ల కిందట మొదలుపెట్టింది. ఆ గురువారమే ఆవిడ ప్రాణం.

ఇప్పుడు ఆ గురువారానికే ముప్పు వచ్చింది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి చెప్పాడు. ఆరు వారాలు ఈ రకం బూట్లు వేసుకుని నడవాలి. నొప్పి అదుపులోకి వస్తే అలాగే నడిపించుకోవచ్చు. రాకపోతే ఆపరేషను చేసి, మేకులు బిగించి కీలు కలిపెయ్యాలి. మూడు నెలలు మంచం మీదే. పై ఆఫీసువాళ్లు అంతకు ముందే ఒక మాట అని ఉన్నారు. నెల రోజులు ఆవిడే స్వయంగా తిరక్కపోతే ఆ పుస్తకాల సంచీ పని రద్దు చేసేస్తామని.

అంటే ఆరు గురువారాలు. అన్నీ నా మీదే.

మమ్మల్ని మొదటిసారి తొడుక్కున్న రోజు ఆవిడ మొహం చూడాల్సింది. ఇంటి వరండాలో అటూ ఇటూ నడిచి, "పడవెక్కినట్టుంది" అని నవ్వింది. పడవ ఎక్కినట్టే ఉంది, మొదటి వీధి దాకా. రెండో వీధిలో నా పక్కగోడ ఆవిడ చిటికెనవేలిని నొక్కడం మొదలుపెట్టింది. నేను కావాలని చెయ్యలేదు. లోపలికి దిగిన పాదం నాకు తెలిసిన పాదం కాదు. నా కాగితం మీద ఉన్నది సన్నటి పాదం. ఈ పాదం ప్రతి అడుగుకీ పరుచుకుని, నా కుట్లను తోసుకుంటూ వెడల్పవుతోంది. ఎవరో అపరిచితురాలు నాలోకి దూరినట్టయింది. కొత్త తోలు గదా, సర్దుకుంటుందనుకుంది ఆవిడ. నేనూ అలాగే అనుకున్నాను.

కుడివాడికి ఏ ఇబ్బందీ లేదు. వాడు హాయిగా దొర్లుతున్నాడు.

రెండో వారం నుంచి ఆవిడ నన్ను బాగుచెయ్యడం మొదలుపెట్టింది. మనుషులు బాగుచేస్తామంటే నాకు భయం పట్టుకున్నది అప్పుడే. చీలమండకు ఆసరాగా ఉంటుందని మందుల కొట్లోంచి సాగే పట్టీ తెచ్చి కాలికి తొడిగింది. దాని మీద దూది. దాని మీద రెండు జతల మేజోళ్లు. ఇన్ని తొడిగి నాలోకి దిగి, బిగుతుగా ఉందని నన్నే తిట్టింది. నా లోపలి మెత్త పీకేసింది. అప్పుడు మడమ జారింది. మళ్లీ పెట్టింది. ఒకరోజు నన్ను వరండాలో పడుకోబెట్టి, లోపల చెక్కముక్క దూర్చి, పక్కన రోకలితో మోదింది. ఆ సొట్ట చాలాకాలం ఉండిపోయింది.

ఇంకో సంగతి. గ్రంథాలయం గుమ్మం దగ్గర ఆవిడ మమ్మల్ని విప్పేసేది. రోజంతా నాపరాళ్ల మీద ఉత్తకాళ్లతో తిరిగేది. అక్కడి అటెండరు నూకరాజుకు నోరు ఊరుకోదు.

"మేడమ్ గారండీ, పొద్దస్తమానం ఏసుకునే ఉండమన్నారు కదండీ డాక్టరు గారు. ఆయన మాట గుమ్మం దాటి లోపలికి రాదాండీ?"

"పుస్తకాలున్న గది నూకరాజూ. చెప్పులతో ఎలా వస్తాను?"

"మరి రోడ్డు మీద మీ సంచీలో ఉన్నయ్యి పుస్తకాలు కాదాండీ? అయ్యేమన్నా పచ్చళ్లాండీ?"

"నోర్ముయ్యి. ఆ పేపర్లు సర్దు."

నూకరాజు నవ్వుకుంటూ పేపర్లు సర్దేవాడు. ఒక కాగితం జారి ఆవిడ పాదానికి తగిలితే చాలు, ఎంత నొప్పిలోనైనా వంగి దాన్ని తీసి కళ్లకద్దుకునేది. ఆ వంగడంలో ఆవిడ పెదవి కొరుక్కోవడం గుమ్మం బయటి నుంచి నాకు కనబడేది.

నాలుగో గురువారం ఆవిడ సగం వీధులే తిరిగింది. ఐదో గురువారం మూడో ఇంటి అరుగు మీద కూర్చుండిపోయింది. సంచీలో పదిహేడు పుస్తకాలు మిగిలిపోయాయి. నన్ను విప్పి పక్కన పెట్టి, కమిలిన వేలు చూసుకుంది. కళ్లనిండా నీళ్లు. ఆ కాలిని మొయ్యడానికి పుట్టిన నేను పక్కన నోరు తెరుచుకుని కూర్చున్నాను.

మర్నాడు మిషన్ మాణిక్యం గ్రంథాలయానికే వచ్చేసింది. ఆవిడ ఆఖరి వీధిలో ఇంట్లోనే బట్టలు కుడుతుంది. గురువారం పాఠకుల్లో అందరికంటే గట్టి మనిషి.

"ఏవండీ మేడమ్ గారూ, ఇదేం బాగుందండీ? రెండు భాగాల నవల్లో మొదటి భాగం ఇచ్చి మాయమైపోతారా? హత్య జరిగిపోయిందండి, హంతకుడెవరో తెలీదు. ఆ ఆలోచన్లో పడి నిన్న ఒకావిడ జాకెట్టుకి రెండు చేతులూ ఒకేవైపు కుట్టేశానండి!"

చదువుకుంటున్న నలుగురూ నవ్వారు. కనకవల్లి నవ్వలేదు. గుమ్మం బయట ఉన్న నన్ను చూపించింది.

"హంతకుడు అదుగో, అక్కడున్నాడు మాణిక్యం. ఆ జెకర్యా నన్ను మోసం చేశాడు. కాలు కొలిచింది ఒకటి, కుట్టింది ఒకటి. ఇంకెవరి కాలికో కుట్టింది తెచ్చి నాకు అంటగట్టాడు. దొంగ బూటు. మంగళవారం డాక్టరు దగ్గరికెళ్తే ఆపరేషనుకి రోజు రాసేస్తారు. నా గురువారాలు అయిపోయినట్టే."

 

ఆ మాట రామచంద్రపురంలో ఆగలేదు. బస్సెక్కి కాకినాడ వెళ్లింది. కొలతలకు వస్తామన్న ఇద్దరు జెకర్యా కొట్టుకు రాలేదు. ఎందుకు రాలేదో మూడోవాడు వచ్చి చెప్పాడు.

సోమవారం పదకొండు గంటలకు జెకర్యా గ్రంథాలయం మెట్లెక్కాడు. చేతిలో చుట్టిన కాగితాలు రెండు. గుమ్మంలో నన్ను చూసి ఆగాడు. ఎత్తి తిప్పి చూశాడు. రోకలి సొట్ట మీద ఆయన బొటనవేలు ఆగిపోయింది. తన బిడ్డను ఎవరో కొట్టినట్టు చూశాడు. లోపలికి వెళ్లి, నేల మీద నా కాగితం పరిచి, దాని మీద నన్ను నిలబెట్టాడు.

"చూడండమ్మా. కాయితానికీ దీనికీ ఈసమెత్తు తేడా లేదండి."

నూకరాజు వంగి చూశాడు. "లేదండి, సరిగ్గా ఉందండి."

అప్పుడే వెనక కుళాయి దగ్గర్నుంచి వచ్చింది కనకవల్లి. వాచిన చీలమండ మీద గంటకోసారి చల్లనీళ్లు పోసుకోవడం అలవాటైపోయింది ఆవిడకు. కుంటుకుంటూ వచ్చి బల్ల పట్టుకుని నిలబడింది.

"అయితే నా కాలు అబద్ధమాడుతోందాండీ? ఈ పుండు అబద్ధమా?"

 జెకర్యా ఆవిడ మొహం చూడటం లేదు. నేల చూస్తున్నాడు. కుళాయి నుంచి బల్ల దాకా పొడి నాపరాళ్ల మీద తడిపాదాల ముద్రలు వరసగా ఉన్నాయి.

"కదలకండి," అన్నాడు. "ఎవరూ తొక్కకండి. నూకరాజుగారూ, సుద్దముక్క ఉందాండీ? బేగీ తెండి. ఆరిపోతోంది!"

నూకరాజు సుద్దముక్క కోసం పరుగెత్తాడు. మొదటి ముద్ర అప్పటికే అంచుల్లో తేలిపోయింది. రెండోదీ కరిగిపోతోంది. నా నిర్దోషిత్వానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ రాళ్ల మీద ఆవిరైపోతోంది. నోరుంటే నేనే అరిచేవాణ్ణి. జెకర్యా మోకాళ్ల మీద కూలబడి, చివరి ఎడమ ముద్ర చుట్టూ సుద్దగీత గీశాడు. గీత కలిసిన మరుక్షణం తడి మాయమైంది.

ఆ గీత పక్కన నా కాగితం పెట్టాడు. రాతి మీద పాదం బొటనవేలి వెడల్పు ఎక్కువ ఉంది.

తర్వాత ఆయన కుడివాడి కాగితం విప్పి వెలుతురుకు పట్టుకున్నాడు. అదే కుంకుమ చుక్క.

"అమ్మా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. ఆ రోజు కుడికాలు కొలిచాక మీరీ కాయితాన్ని కళ్లకద్దుకున్నారు. బొట్టు అంటుకుంది. ఎడమకాలి కాయితాన్ని అద్దుకోలేదు. ఎందుకండీ?"

కనకవల్లి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"దాన్ని... తొక్కలేదు గనక."

"తొక్కలేదా?"

"కాగితాన్ని ఎలా తొక్కమంటారండీ? ముప్పై ఏళ్లుగా కాగితాల మధ్యే బతుకుతున్నదాన్ని. మీరు నిలబడమన్నారు. గోడ పట్టుకుని, బరువు కుడికాలి మీదేసి, ఎడమపాదం ఊరికే ఆనించాను. కుడికాలు కొలిచేటప్పుడు అలా కుదర్లేదు. ఎడమకాలి మీద ఆగలేను గదా. తొక్కేశాను. అందుకే కళ్లకద్దుకున్నాను."

అదండీ నేరం. ఒక కాగితానికి మర్యాద చేసి నాకు ద్రోహం చేసింది. బరువు పడని పాదం ముడుచుకుని సన్నగా ఉంటుంది. ఆ సన్న పాదానికి నన్ను కుట్టి, బరువు పాదాన్ని నాలోకి తోశారు. ఈ భూమ్మీద ఎక్కడా లేని కాలికి నేను అచ్చంగా సరిపోతాను.

"నా తప్పూ ఉందండి," అన్నాడు జెకర్యా. "ఎడమ గీత సన్నగా ఉంటే, వాడక కండ తగ్గిందనుకున్నాను. టేపు చుట్టబోతే, 'పెద్దవారు, నా కాలు పట్టుకోవద్దు' అని మీరే కూర్చుని చుట్టుకున్నారు. నేను మర్యాదకి తల తిప్పుకున్నాను. ముప్పై ఏళ్ల పని అండి. తిప్పుకోకూడదు." కొంచెం ఆగాడు. "కానీ అమ్మా, మోసగాణ్ణన్నారు. నలుగురిలో అన్నారు. జెకర్యా, ఇదేంటి ఇలా అయిందని ఒక్కసారి నన్ను అడగొచ్చు గదండీ?"

కనకవల్లి తల వంచుకుంది.

"నూకరాజూ, మాణిక్యాన్ని పిలుచుకు రా. రెండో భాగం ఇక్కడే ఉందని చెప్పు."

నవల మాటకి మాణిక్యం మెడలో టేపుతోనే వచ్చేసింది. కనకవల్లి కుర్చీలో కూర్చోకుండా నిలబడే అంది: "శుక్రవారం నేనన్నది తప్పు మాణిక్యం. మోసం చేసింది ఈయన కాదు, నేను. కొలతప్పుడు ఎడమకాలి మీద బరువు వెయ్యలేదు. నీ దగ్గరికొచ్చే ప్రతి మనిషికీ ఈ మాట నా పేరు పెట్టి చెప్పు."

మాణిక్యం ఆవిడ వంకా, జెకర్యా వంకా, నేల మీది సుద్దగీత వంకా చూసింది.

"కొలతిచ్చేటప్పుడు కడుపు లోపలికి పీల్చుకుని, తర్వాత జాకెట్టు బిగుతైందని నా మీదికొచ్చేవాళ్లు నాకు బోల్డంత మందండి," అంది. "మీరూ ఆ జాతేనా! సరే, చెప్తాను. ముందా రెండో భాగం ఇటివ్వండి."

తర్వాత నా కళ్ల ముందే ఆ పని జరిగింది. కాగితం లేదు. ఉత్త రాయి మీద కనకవల్లి ఎడమకాలు మోపి బరువంతా వేసింది. నొప్పికి అరిచింది. అరుస్తూనే నిలబడింది. జెకర్యా సుద్దతో గీసుకున్నాడు. తర్వాత ఆవిడ కుర్చీలో కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఎడమపాదాన్ని ఆ ముసలాయన రెండు చేతుల్లో పెట్టింది. ఆయన ఈసారి తల తిప్పుకోలేదు. మాణిక్యం మెడలో టేపు తీసుకుని మడమా, చీలమండా, వేళ్ల మొదళ్లూ ఒక్కొక్కటే కొలిచాడు.

అందరూ అందరికీ క్షమాపణలు చెప్పుకున్నారు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మంగళవారం డాక్టరు సంగతంతా విని, ఇంకో ఆరు వారాలు గడువిచ్చాడు. గ్రంథాలయంలో తిరగడానికి వేరే మెత్తటి జోడు పెట్టుకోమని గట్టిగా చెప్పాడు. దానికి మాత్రం ఆవిడ ఒప్పుకుంది, వీధి తొక్కని జోడైతే పుస్తకాలు ఏమీ అనుకోవని. ఆ గురువారం సంచీ మోసుకుని నూకరాజు తిరిగాడు, గొణుక్కుంటూ. తొమ్మిది రోజులకు కొత్త ఎడమ బూటు వచ్చింది. నాకంటే బొటనవేలంత వెడల్పు.

జోడీగా కుడివాణ్ణే ఉంచారు. వాడి కొలత సరైనదే గదా. ఒకే తోలులోంచి తీసినవాళ్లం, ఒకే అట్టపెట్టెలో వచ్చినవాళ్లం. కొత్తవాడి పక్కన నిలబడి, వాడితో అడుగు కలిపి మెట్లు దిగి వెళ్లిపోయాడు. నన్ను జెకర్యా సంచీలో వేసుకున్నాడు.

ఇప్పుడు నేను ఆయన కొట్లో గోడమేకుకు వేలాడుతున్నాను. సొట్ట సరిచేసి, నల్లరంగు వేశాడు. అప్పట్లో కొలతలకు రాకుండా పోయిన ఆ ఇద్దరూ వచ్చారు. వాళ్ల వెనక ఇంకొందరు వచ్చారు. కాగితం మీద నిలబడడానికి ఎవరు వెనకాడినా నన్ను దించి చేతికిస్తాడు. "ఒక పెద్దమనిషి కాయితానికి మర్యాద చేశారండి. ఫలితం ఇది," అంటాడు. పేరు చెప్పడు. వాళ్లు నవ్వుతారు. నవ్వి, కాగితం తీసెయ్యమని, ఉత్త నేల మీద బరువంతా వేసి నిలబడతారు. ఉదాహరణగా బాగానే పనికొస్తున్నాను. నేను పుట్టింది ఉదాహరణ కావడానికి కాదు.

ఏడాది గడిచాక ఒక బుధవారం కనకవల్లి వచ్చింది. అడుగు అరిగితే కొత్తది వేయించుకోవడానికి. నొప్పి పోలేదట. పొద్దున్నే పది అడుగులు ఇప్పటికీ గోడ పట్టుకునేనట. కానీ ఆపరేషను మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గురువారం ఇళ్లు ముప్పై నాలుగయ్యాయి. మాణిక్యం ఇప్పుడు హత్యలు మానేసి దెయ్యాల నవలలు అడుగుతోందట.

జెకర్యా అడుగు అతికిస్తుంటే ఆవిడ గోడకేసి చూసింది. నా దగ్గర ఆగింది. నా పట్టీ ఒకటి వేలితో కదిపింది. నేను ఊపిరి బిగబట్టాను.

"ఇదెవరిదండీ జెకర్యా గారూ? ఎంత సన్నగా ఉందో. పాపం, చిన్నపిల్లదా?"

జెకర్యా చేతిలో సుత్తి ఒక్క క్షణం ఆగింది. నన్ను చూశాడు. ఆవిణ్ణి చూశాడు.

"ఎవరిదీ కాదండి," అన్నాడు. మళ్లీ మర్యాద.

ఆవిడ బూట్లు తొడుక్కుంది. కుడివాడు నన్ను గుర్తుపట్టాడు, నాకు తెలుసు. మొన వీధివైపు తిప్పుకున్నాడు. "బస్సుకి టైమైంది, రేపు గురువారం," అంటూ ఆవిడ గుమ్మం దిగింది. గోడ పట్టుకోలేదు. సందు మలుపు దాకా ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. కుడి, ఎడమ, కుడి, ఎడమ. రెండు అడుగులూ ఒకేలా పడుతున్నాయి.

అందులో ఒకటి నాది కావలసింది.